తంబురాకి ఎక్కిళ్లు



ఈ రేడియో స్టూడియోలో నా ఎదురుగా గోడ మీద ఒక గడియారం ఉంది. తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. ఇప్పుడు నేను దగ్గితే మీకు వినిపిస్తుంది. మాట మధ్యలో కాగితం వెతుక్కుంటే ఆ వెతుకులాట కూడా మీకు వినిపిస్తుంది. పత్రికలకి రాసేవాళ్లకి ఈ బాధ లేదు. ఒక్క వాక్యం కోసం గంటసేపు కిటికీలోంచి బయటికి చూసినా పాఠకుడికి తెలీదు. ఇక్కడ అలా కుదరదు. మాట వేళకి రావాలి. ఇవాళ నేను చెప్పబోయేది సరిగ్గా ఈ సంగతే. కాకపోతే మనిషి గురించి కాదు. వేలిగోరంత చిప్పు గురించి.

మా మేనకోడలు సంగీతం నేర్చుకుంటోంది. సాధనకి తంబురాలా మోగే శ్రుతి పెట్టె కావాలంది. బజార్లో మంచివే దొరుకుతాయి. ఫోన్లో యాప్‌లు కూడా ఉన్నాయి. కానీ నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. "కొనడం ఎందుకమ్మా, నేనే చేసిస్తాను" అన్నాను. నేను ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. ఈసారీ చూసుకున్నారు.

వారం తిరిగేసరికి పెట్టె మోగింది. పంచమం మోగింది. షడ్జమం మోగింది. నేను మురిసిపోయాను. ఆ పిల్ల ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని వింది. తర్వాత కళ్లు తెరిచి, "మావయ్యా, నీ తంబురాకి ఎక్కిళ్లు వస్తున్నాయి" అంది.

నిజమే. ఉండుండి టిక్కుమంటోంది. గుండీ తిప్పితే గరగరమంటోంది. ఆ ఎక్కిళ్లు ఎందుకొచ్చాయి, ఎలా పోయాయి అన్నదే ఈ ప్రసంగం. మీలో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటారు. ఇంట్లో చిన్న చిన్న బోర్డులు పెట్టుకుని ఏదో ఒకటి చేసే కుర్రాళ్లుంటారు. వాళ్లకిది పనికొస్తుంది. మిగిలినవాళ్లు కూడా ఉండండి. మధ్యలో పెళ్లి భోజనం ఉంది.

ముందు, ఆ పెట్టెలో ఏముందో చెప్తాను. అందులో మైక్రోకంట్రోలర్ అనే చిప్పు ఉంది. ఇది చిన్న కంప్యూటరు. లెక్కలు చేసే భాగం, కాస్త మెమరీ, బయటి తీగలతో మాట్లాడే ఏర్పాటు, అన్నీ ఒకే ముక్కలో ఉంటాయి. మీ ఇంటి వాషింగ్ మెషీన్లో ఉన్నది ఇలాంటిదే. ఇవిప్పుడు చాలా చౌక. 2021లో రాస్‌ప్‌బెరీ పై సంస్థ పికో అనే బోర్డు తెచ్చింది. అప్పట్లో దాని ధర 4 డాలర్లు. 2016లో షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ32 అనే చిప్పు తెచ్చింది. అందులో వైఫై, బ్లూటూత్ కూడా ఉన్నాయి. ఇలాంటి చిప్పు ఒకటి, చిన్న ఆంప్లిఫయరు ఒకటి, స్పీకరు ఒకటి, తిప్పడానికి గుండీ ఒకటి, రెండు స్వరాల పేర్లు చూపించే బుల్లి తెర ఒకటి. ఇంతే నా పెట్టె.

మరి చిప్పులో శబ్దం ఎక్కడ ఉంటుంది? అంకెల్లో ఉంటుంది. శబ్దం అంటే గాలి ఒత్తిడి పెరగడం, తగ్గడం. ఆ హెచ్చుతగ్గుల్ని క్షణక్షణానికీ కొలిచి రాసుకుంటే వచ్చే అంకెలనే శాంపిల్స్ అంటారు. 1982లో బజారుకొచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకి 44,100 శాంపిల్స్ ఉంటాయి. స్టూడియోల్లో మామూలుగా 48,000 వాడతారు. పాత డిజిటల్ టెలిఫోను 8,000తోనే సరిపెట్టుకునేది. అందుకే ఫోనులో పాట అంత పేలవంగా ఉండేది. నేను 48,000 తీసుకున్నాను. అంటే సెకనుకి 48,000 సార్లు ఒక అంకె స్పీకరు వైపు వెళ్లాలి. ఒకటి ముందూ కాదు, ఒకటి వెనకా కాదు. ఒక అంకెకీ ఇంకో అంకెకీ మధ్య ఉన్న కాలం 21 మైక్రోసెకన్లు కూడా లేదు.

ఇంతకీ తంబురా తీగని అంకెల్లో ఎలా పుట్టించాలి? దీనికొక అందమైన కిటుకు ఉంది. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ అనే ఇద్దరు దీన్ని ప్రచురించారు. చెప్తాను, ఊహించుకోండి. నేల మీద గుండ్రంగా గడులు గీశాం. సుమారు 367 గడులు. ప్రతి గడిలో ఇష్టం వచ్చిన అంకె ఒకటి వేశాం. అది తీగని మీటడం అన్నమాట. ఇప్పుడు గడుల వెంబడి గుండ్రంగా నడవాలి. ఒక్కో గడి దగ్గర ఆ అంకెని స్పీకరుకి పంపాలి. తర్వాత దాన్నీ, పక్క గడిలోని దాన్నీ కలిపి సగం చేసి, అదే గడిలో రాయాలి. అంతే. అలా తిరుగుతూ ఉంటే, మొదట్లో బరబరమన్న అంకెలు మెల్లగా నునుపు తేలతాయి. శబ్దం తీగలా మోగి, తీగలాగే మెల్లగా చల్లారుతుంది.

మరి 367 ఎందుకు? ఒకటో శ్రుతిలో పాడే మగవాళ్ల మధ్య షడ్జమానికి సెకనుకి దాదాపు 131 కంపనాలు. 48,000ని 131తో భాగిస్తే ఆ దరిదాపుల్లో వస్తుంది. గడులు తగ్గిస్తే స్వరం పైకి పోతుంది. పెంచితే కిందికి దిగుతుంది. తీగ పొడవు తగ్గిస్తే స్వరం హెచ్చినట్టే. ఇక పంచమానికి షడ్జమం కంటే ఒకటిన్నర రెట్లు కంపనాలు. దానికి గడులు 244న్నర పైచిలుకు రావాలి. ఇక్కడే తంటా వచ్చింది. సగం గడి అంటూ ఉండదు కదా. ఏదో ఒక పూర్తి సంఖ్యకి సర్దేస్తే సా, పా మధ్య నెమ్మదిగా ఒక అల లేస్తుంది. నా చెవికి అది తెలీలేదు. ఆ పిల్లకి తెలిసింది. పక్కపక్క గడుల్ని తగు పాళ్లలో కలిపి ఆ చిల్లరని సర్దాల్సి వచ్చింది. అసలు తంబురాలో తీగ కింద దారం సర్ది తెచ్చే జీవం ఉందే, అది దీనికి ఇంకా రాలేదు. దాని జోలికి ఇవాళ వెళ్లను.

ఇప్పుడు లెక్క చూడండి. నా చిప్పు గడియారం సెకనుకి 12 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. సెకనుకి 48,000 అంకెలు కావాలి. భాగిస్తే ఒక్కో అంకెకి గడియారం 2,500 సార్లు కొట్టుకునేంత వ్యవధి దొరుకుతుంది. తంబురా నాలుగు తీగల లెక్కంతా కలిపితే రెండు మూడు వందలు చాలు. అంటే చిప్పుకి బోలెడు తీరిక. పదింట ఎనిమిది వంతుల పైన ఖాళీగానే కూర్చుంటుంది. మరి ఎక్కిళ్లు ఎందుకు?

ఇదిగో, పెళ్లి భోజనం దగ్గరికి వచ్చాం.

బంతి వేశారు. విస్తళ్ల ముందు జనం కూర్చున్నారు. సాంబారు వడ్డించే కుర్రాడు బకెట్టు పట్టుకుని వరసలో వెళ్తున్నాడు. ఒక్కో విస్తట్లో ఒక్కో గరిటె. అతను ఆగడు. తొందరపడడు. ఒకే నడక. వంటల పందిట్లో ఇంకో బకెట్టు ఉంది. కుర్రాడు ఒక బకెట్టు వడ్డిస్తుండగా వంటవాడు రెండో బకెట్టు నింపుతాడు. చేతిలోది అయిపోగానే కుర్రాడు "సాంబార్!" అని కేకేసి, ఖాళీది అక్కడ పెట్టి, నిండుది అందుకుంటాడు. బంతి మొత్తానికి ఉన్నవి రెండే బకెట్లు. ఒకటి వడ్డనలో, ఒకటి నింపడంలో.

చిప్పులో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆ కుర్రాడి పేరు డీఎంఏ. లెక్కలు చేసే భాగం ప్రమేయం లేకుండా, మెమరీలోంచి అంకెలు ఒక్కొక్కటే తీసి స్పీకరు వైపు పంపుతూ పోయే చిన్న యంత్రాంగం అది. బకెట్టుని బఫర్ అంటారు. "సాంబార్!" అన్న కేకని ఇంటరప్ట్ అంటారు. వంటల పందిట్లో పొయ్యి ఒక్కటే. ఆ పొయ్యే చిప్పులోని లెక్కల భాగం. ఒక సమయంలో ఒక్కడే దాని దగ్గర నిలబడగలడు. ఈ ఒక్క పొయ్యి సంగతి గుర్తుపెట్టుకోండి.

నా బకెట్టులో 240 అంకెలు పడతాయి. సెకనుకి 48,000 చొప్పున వడ్డిస్తే అది 5 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. ఒక మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యోవంతు. రెండు బకెట్లకి కలిపి 10 మిల్లీసెకన్లు. బకెట్టు నింపడానికి నా చిప్పుకి మామూలుగా ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. మళ్లీ చెప్తున్నాను. ఖాళీ అవడానికి ఐదు. నింపడానికి ఒకటి కూడా అక్కర్లేదు. అయినా బకెట్టు ఖాళీ అయింది. ఎందుకంటే, కేక వినపడిన వేళకి వంటవాడు సాంబారు దగ్గర లేడు.

ఎక్కడున్నాడు? తెర మీద బొమ్మ గీస్తున్నాడు.

నేను ప్రోగ్రాం రాసిన తీరు అలాంటిది. ముందు బకెట్టు నింపు. తర్వాత గుండీ చూడు. అది తిరిగి ఉంటే తెర మార్చు. మళ్లీ మొదటికి రా. చూడ్డానికి పద్ధతిగానే ఉంది. కానీ ఆ బుల్లి తెరలో అడ్డంగా 128, నిలువుగా 64 చుక్కలు. దానికి వెళ్లే తీగ నెమ్మది తీగ. తెరంతా మార్చడానికి పాతిక మిల్లీసెకన్ల దాకా పడుతుంది. పాతిక అంటే ఐదు బకెట్ల సాంబారు. కుర్రాడు మాత్రం ఆగడు. వాడికి ఆగడం తెలీదు. బకెట్టులో పాత అంకెలు ఎలాగూ ఉంటాయి కదా, వాటినే మళ్లీ వడ్డించేస్తాడు. ఆ గరగర అదే.

తెర మీద బొమ్మ పాతిక మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఎవరికీ తెలీదు. సినిమాలో సెకనుకి 24 బొమ్మలే. అందులో ఒకటి ఎగిరిపోయినా మనం కథలోనే ఉంటాం. శబ్దం విషయంలో అలా కాదు. సాఫీగా వెళ్తున్న అల ఒక్కసారి తెగితే, ఆ తెగినచోట అన్ని స్థాయుల కంపనాలూ ఒక్కసారే పుడతాయి. సెకనులో వెయ్యోవంతు తెగినా చెవి పట్టేస్తుంది. సాంబారుకి వేగం చాలు, కానీ వేళకి అందలేదు. ఈ ప్రసంగం మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఈ ఒక్క ముక్కే. ఎంత వేగంగా చేశామన్నది కాదు, వేళకి అందిందా లేదా అన్నది.

సరే, మందు ఏమిటి? వంటమేస్త్రిని పెట్టుకోవాలి.

పెద్ద పెళ్లిళ్లలో ఉంటాడు చూడండి. భుజాన తువ్వాలు వేసుకుని, తను గరిటె పట్టకుండా, ఎవరు ఏ పని ఎప్పుడు చెయ్యాలో చెప్పే మనిషి. కాఫీ కాచేవాడు పొయ్యి దగ్గరుంటాడు. బంతిలోంచి "సాంబార్!" అని కేక వినపడుతుంది. మేస్త్రి కాఫీవాడి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పక్కకి జరుగు" అంటాడు. పాలు సగం కాగినా సరే. బకెట్టు నింపే సాంబారువాడు వచ్చి, నింపి వెళ్తాడు. తర్వాత కాఫీవాడు వచ్చి, ఆపినచోటి నుంచే మళ్లీ మొదలుపెడతాడు. చిప్పులో ఈ వంటమేస్త్రి పేరు రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. పొడి అక్షరాల్లో ఆర్‌టీఓఎస్ అంటారు.

మీ ఇంట్లో కంప్యూటరు మీదా ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. అదీ మేస్త్రే. కానీ దాని స్వభావం వేరు. అందరికీ తలా కాస్త పొయ్యి దక్కాలని చూస్తుంది. ఎవరూ మరీ పస్తుండకూడదని దాని బాధ. రియల్ టైమ్ మేస్త్రికి అంత జాలి లేదు. పెద్దపనివాడు వచ్చాడంటే చిన్నపనివాడు తప్పుకోవాల్సిందే. ఎంతసేపు కాచుకోవాల్సి వచ్చినా సరే. ఈ పక్షపాతం కోసమే మనం దాన్ని పెట్టుకుంటాం.

ఇలాంటి మేస్త్రులు ఉచితంగానే దొరుకుతారు. అందరికీ తెలిసినది ఫ్రీఆర్‌టీఓఎస్. రిచర్డ్ బారీ అనే ఇంజనీరు 2003లో మొదలుపెట్టారు. 2017 నుంచి దాని ఆలనాపాలనా అమెజాన్ చూస్తోంది. దాని అసలు భాగం చాలా చిన్నది. పది కిలోబైట్లకి అటూ ఇటూ సరిపోతుంది. ఇంకొకటి జెఫిర్. 2016 నుంచి లినక్స్ ఫౌండేషన్ నీడలో పెరుగుతోంది. రెండూ మంచివే. ఒక్క తమాషా మాత్రం చెప్పాలి. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో పనికి ఇచ్చే అంకె ఎంత పెద్దదైతే అంత పెద్దరికం. జెఫిర్‌లో అంకె ఎంత చిన్నదైతే అంత పెద్దరికం. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారిన కుర్రాళ్లు మొదటివారం తలలు పట్టుకుంటారు.

నేను నా పనుల్ని విడివిడిగా రాశాను. వీటిని టాస్కులు అంటారు. బకెట్టు నింపే టాస్కుకి అన్నిటికంటే పెద్దరికం. గుండీ చూసే టాస్కుకి ఆ తర్వాతి స్థానం. మనిషి చెయ్యి కాబట్టి సెకనుకి ఇరవైసార్లు చూస్తే చాలు. తెర టాస్కుకి అట్టడుగు. తెర పాతిక మిల్లీసెకన్లు తీసుకున్నా ఇబ్బంది లేదు. మధ్యలో ఐదుసార్లు మేస్త్రి దాని భుజం తట్టి పక్కకి జరుపుతాడు. గరగర పోయింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీ పెట్టె ఒకటే శబ్దం చేసి ఊరుకునేదైతే మేస్త్రి అక్కర్లేదు. నలుగురికి వంట చెయ్యడానికి మేస్త్రిని పిలిస్తే నవ్వుతారు. కాలింగ్ బెల్లుకి ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టిన విద్యార్థుల్ని చూశాను. మార్కులు వేశాను కూడా, అది వేరే సంగతి. తెర, గుండీ, మెమరీ కార్డు, బ్లూటూత్, ఇలా పనులు నాలుగై, వాటిలో ఒకదానికి వేళ తప్పితే కొంప మునుగుతుందనుకున్నప్పుడే మేస్త్రిని పెట్టండి.

బకెట్టు ఎంతది ఉండాలి అన్నది కూడా మీరే తేల్చుకోవాలి. పెద్ద బకెట్టు అయితే వంటవాడికి తీరుబడి. కానీ నింపిన సాంబారు చివరి విస్తరి చేరేసరికి ఆలస్యం. నా పెట్టెలో ఆలస్యం 10 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఆ పది మిల్లీసెకన్లలో దాదాపు మూడున్నర మీటర్లు. తంబురా నా పక్కన కాకుండా గదికి ఆ చివర ఉంటే ఎంత ఆలస్యంగా వినిపిస్తుందో, అంతే. శ్రుతికి ఇది లెక్కలోకి రాదు. అదే మీరు మృదంగంలా వాయించే ఎలక్ట్రానిక్ పలక చేస్తుంటే వ్యవహారం మారుతుంది. వేలు పడిన క్షణానికే నాదం రావాలి. పది దాటుతుంటే వాయించేవాడి చేతికి తేడా తగలడం మొదలవుతుంది. అక్కడ చిన్న బకెట్టు పెట్టి, వంటవాణ్ణి పరిగెత్తించక తప్పదు. ఎదురుచూసే చెయ్యి ఉందా లేదా? ముందు అది అడగండి. లేకపోతే పెద్ద బకెట్టే పెట్టుకోండి. నిద్ర పడుతుంది.

సరే, గరగర పోయిందన్నాను. టిక్కులు పోలేదు. రోజులో నాలుగైదుసార్లు వచ్చేవి. రోజుకి నాలుగుసార్లు వచ్చే తప్పుని పట్టుకోవడం, రోజుకి నాలుగువేలసార్లు వచ్చేదాన్ని పట్టుకోవడం కంటే కష్టం. ఇందులో ఒక రకం చాలా పేరున్నది. దాని కథ అంగారకుడి మీద ఉంది.

1997 జూలై 4న నాసా వాళ్ల పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొద్దిరోజులకే అందులో కంప్యూటరు తనంతట తనే మళ్లీ మళ్లీ మొదలవడం చూశారు. అందులో ఉన్న మేస్త్రి పేరు వీఎక్స్‌వర్క్స్. మంచి పేరున్న మేస్త్రే. జరిగింది ఏమిటో మన పందిట్లోనే చూద్దాం.

పెద్ద గరిటె ఒక్కటే ఉంది. కాఫీవాడు దాన్ని తీసుకున్నాడు. ఈలోగా సాంబార్ అని కేక. సాంబారువాడు వచ్చాడు. కానీ గరిటె లేదు. కాఫీవాడు ఇస్తే గానీ పని సాగదు. సరే, కాఫీవాడు తన పని ముగించి గరిటె ఇచ్చేస్తాడు కదా అనుకున్నాం. ఇంతలో అప్పడాలు వేయించేవాడు వచ్చాడు. వాడు కాఫీవాడికంటే పెద్ద. మేస్త్రి కాఫీవాణ్ణి జరిపి, అప్పడాలవాడికి పొయ్యి ఇచ్చాడు. వాడు తీరిగ్గా అప్పడాలు వేయిస్తున్నాడు. కాఫీవాడికి పొయ్యి లేదు కాబట్టి పని ముగియదు. ముగియదు కాబట్టి గరిటె రాదు. గరిటె రాదు కాబట్టి అందరికంటే పెద్దవాడైన సాంబారువాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పడాలవాడికి అసలు ఆ గరిటెతో సంబంధమే లేదు!

పాత్‌ఫైండర్‌లో కాఫీవాడు వాతావరణం కొలిచే టాస్కు. అప్పడాలవాడు సమాచారం చేరవేసే టాస్కు. సాంబారువాడు లోపలి తీగల మీద రాకపోకలు చూసే ముఖ్యమైన టాస్కు. ఆ ముఖ్యుడు వేళకి పని ముగించలేదని కనిపెట్టిన కాపలా ఏర్పాటు, కంప్యూటరుని మళ్లీ మొదలుపెట్టేది. ఇంజనీర్లు భూమి మీద ఉన్న నకలు యంత్రంలో ఇదే తప్పుని మళ్లీ రప్పించి పట్టుకున్నారు. విరుగుడు ఆ మేస్త్రి దగ్గరే ఉంది. గరిటె కోసం పెద్దవాడు ఎదురుచూస్తుంటే, గరిటె పట్టుకున్న చిన్నవాడికి ఆ కాసేపు పెద్దవాడి హోదా ఇవ్వడం. ఆ సదుపాయం ఆపి ఉంచారు. భూమి మీద నుంచి ఆదేశం పంపి, దాన్ని పని చేయించారు.

ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఆ హోదా ఇచ్చే తాళాన్ని మ్యూటెక్స్ అంటారు. అయితే శబ్దం పని చేసేవాళ్లకి నా సలహా ఇంకా మొరటుది. సాంబారువాడికి ఎవరి గరిటే అక్కర్లేకుండా చూడండి. గుండీ తిరిగిందని సాంబారువాడికి చెప్పాలంటే, చీటీ రాసి ఒక డబ్బాలో వెయ్యండి. బకెట్టు నింపడం మొదలుపెట్టే ముందు అతను డబ్బాలోకి తొంగి చూస్తాడు. చీటీ ఉంటే చదువుతాడు. లేకపోతే పాత రుచితోనే కానిస్తాడు. డబ్బా దగ్గర నిలబడి ఎదురుచూడడు. ఈ చీటీల డబ్బాని క్యూ అంటారు. అలాగే బకెట్టు నింపే టాస్కు మధ్యలో కొత్తగా మెమరీ అడక్కండి. మెమరీ కార్డు తెరవకండి. పరీక్షకని చెప్పి కంప్యూటరుకి అక్షరాలు అచ్చువేయించకండి. సాంబారు మరుగుతుండగా వంటవాడు ఉప్పు కోసం బజారుకి వెళ్లకూడదు. మెమరీ కార్డులోంచి పాట వినిపించాలంటే ఇంకొకణ్ణి పెట్టి, అర సెకను సరుకు ముందే తెప్పించి పందిట్లో ఉంచుకోండి. ఆ కార్డులు మామూలుగా చురుగ్గానే ఉంటాయి. ఒక్కోసారి మాత్రం వంద మిల్లీసెకన్ల దాకా మౌనం పాటిస్తాయి.

నా టిక్కులకి మూలం గరిటె కాదు. ఇది ఒప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంది.

పెట్టె ఆపి మళ్లీ వేసినప్పుడు పాత శ్రుతి గుర్తుండాలని మేనకోడలు మొదట్లోనే అడిగింది. న్యాయమైన కోరికే. గుండీ కదిలి ఆగినప్పుడల్లా ఆ శ్రుతిని చిప్పు పక్కనున్న ఫ్లాష్ మెమరీలో రాసేలా పెట్టాను. ఆ రాసే టాస్కుకి కూడా అట్టడుగు హోదా ఇచ్చి, జాగ్రత్తపడ్డాననుకున్నాను. కానీ ఇలాంటి చిప్పులు చాలావాటిలో ప్రోగ్రాం కూడా ఆ ఫ్లాష్‌లోనే ఉంటుంది. అందులో ఒక గది చెరిపి రాయడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాసేపు అందులోంచి ఏమీ చదవడానికి వీలుండదు. అంటే సామాన్ల గదికి తాళం పడిందన్నమాట. సాంబారువాడు ఎంత పెద్దవాడైతే ఏం, పప్పూ చింతపండూ ఆ గదిలోనే ఉన్నాయి. మేస్త్రి కూడా నోరు తెరిచి చూడాల్సిందే. అతని తువ్వాలూ ఆ గదిలోనే ఉంది.

ఈ సంగతి చిప్పు గురించి రాసిన పుస్తకంలో స్పష్టంగా ఉంది. నేనే చదవలేదు. తప్పు పూర్తిగా నాదే. బకెట్టు నింపే ప్రోగ్రాం ముక్కనీ, దానికి కావలసిన సరంజామానీ మామూలు మెమరీలోకి మార్చాను. గుండీ ఆగినప్పుడల్లా రాయకుండా, శ్రుతి ఆపినప్పుడు ఒక్కసారే రాసేలా చేశాను. అప్పుడు ఎలాగూ నాదం ఉండదు. టిక్కు వచ్చినా గిక్కు వచ్చినా వినేవాళ్లెవరూ లేరు.

మీరు ఇలాంటిది చెయ్యబోతుంటే ఒక్క పని తప్పకుండా చెయ్యండి. బకెట్టు నింపడం మొదలవగానే చిప్పులో ఒక పిన్నుని పైకి లేపండి. ముగియగానే దించండి. ఆసిల్లోస్కోపు ఉంటే దాని మీద చూడండి. లేకపోతే ప్రోగ్రాంలోనే గడియారం పెట్టి కొలవండి. సగటు రాసుకోకండి. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది ఎంతో, అది రాసుకోండి. రాత్రంతా వదిలేసి, పొద్దున్న వచ్చి ఆ ఒక్క అంకె చూడండి. సగటున సాంబారు వేళకి వచ్చిందంటే బంతిలో ఎవరూ ఒప్పుకోరు. ఆ ఒక్కసారి ఎవరి విస్తరి ఎండిందో వాళ్లు జీవితాంతం చెప్పుకుంటారు. పొయ్యిని కూడా మరీ నిండుగా వాడకండి. 1973లో లియూ, లేలండ్ అనే ఇద్దరు దీనికి లెక్క తేల్చారు. తరచుగా వచ్చే పనికి ఎక్కువ హోదా ఇస్తూ పోతే, మొత్తం పనిభారం నూటికి 69 లోపు ఉన్నంతవరకూ ప్రతి పనీ వేళకి ముగుస్తుందని వాళ్ల లెక్క. ఆ పైన కూడా కుదరవచ్చు. కానీ అప్పుడు మీరే విడిగా చూసుకోవాలి.

నా పెట్టెలో ఆ అతి పెద్ద అంకె ఇప్పుడు ఒకటిన్నర మిల్లీసెకన్ల దగ్గర ఉంది. ఐదుకి ఇంకా చాలా దూరం.

గడియారం చూస్తున్నాను. నాకిచ్చిన వేళ అయిపోవచ్చింది. ఆ పెట్టె ఇప్పుడు మేనకోడలి గదిలో, కిటికీ పక్కన ఉంది. పొద్దున్నే ఐదున్నరకి మోగుతుంది. గుండీ తిప్పితే స్వరం వెంటనే మారుతుంది. తెర మీద దాని పేరు మాత్రం కాస్త ఆగి మారుతుంది. ఆ ఆలస్యం గురించి ఇంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు.